జాతిసూతకము – పౌరహక్కుల చట్టము

చోళదేశమున కరికాల చోళుడు రాజ్యము చేయుచున్న కాలమున, ఆ రాజు గుర్రములకు పచ్చిక కోసి తెచ్చెడి మాదార చెన్నయ్య అను శరణుడుండెను. పుట్టినది మాదిగ ఇంట. తాను శివభక్తుడనని అతడెవ్వరికిని చెప్పుకొనలేదు. ఎవ్వరును చూడని చోట శివునర్చించి, తన ఇంటి అంబలిని స్వామికి నివేదించి, ప్రసాదముగా స్వీకరించుచుండెను. అదే కాలమున రాజు ప్రతిదినము షడ్రసోపేతమైన భోజనమును శివునకు సమర్పించుచుండెను. ఒకనాడు శివుడు రాజు పెట్టిన భోజనమును ముట్టలేదు. చెన్నయ్యతో కలిసి అంబలి ఆరగించి వచ్చితినని తెలిపెను. రాజు అబ్బురపడి, తన గుర్రములకు గడ్డి కోయువానిని వెదకికొనుచు పోయి, అతని పాదములపై వ్రాలెను.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ద్విపదలో చెప్పిన ఈ కథను వినని వీరశైవ గృహము అరుదు. పురాణశ్రవణమున ఈ ఘట్టము వచ్చినపుడు వృద్ధులు కన్నులు తుడుచుకొందురు. అయితే అదే రాత్రి పందిటి వెలుపల, చీకటిలో, చెన్నయ్య కులమువాడొకడు నిలిచి పురాణము వినుచున్నచో అతనిని లోనికి పిలిచి చాపపై కూర్చుండబెట్టిన గృహస్థులెందరు? శివుడు ఎవని అంబలి త్రాగెనో వాని వంశస్థునకు తమ ఇంటి చెంబుతో నీరిచ్చినవారెందరు? కథకు కార్చిన కన్నీరు కంటినుండి చేతివరకు దిగివచ్చెనా అను ప్రశ్నయే ఈ ప్రసంగమునకు మూలము.

ఐదు సూతకములు

లోకులు మైలగా ఎంచునవి ఐదు. జననసూతకము, మృతసూతకము, రజస్సూతకము, ఉచ్ఛిష్టసూతకము, జాతిసూతకము. లింగధారికి ఈ ఐదును లేవని వీరశైవ ధర్మము ఉపదేశించును. ఇష్టలింగము అంగమునంటి యుండగా అంగమునకు మైల ఎక్కడిది?

ఈ ఐదింటిని తరచి చూచినచో ఒక భేదము కనబడును. మొదటి నాలుగును లోకులు పాటించు పద్ధతిలోనే తీరిపోవునవి. పురిటి మైల కొన్ని దినములకు పోవును. చావు మైల కర్మాంతమున పోవును. రజస్సు స్నానముతో పోవును. ఎంగిలి పుక్కిలించిన నీటితో పోవును. ఐదవదైన జాతిసూతకము మాత్రము పుట్టుకతో వచ్చి సమాధి వరకు విడువదు. దానికి గడువు లేదు, స్నానము లేదు, ప్రాయశ్చిత్తము లేదు. తండ్రినుండి కుమారునకు, కుమారునినుండి మనుమనికి ఆస్తి వలె సంక్రమించును. ఏ తప్పును చేయని శిశువునకు తొట్టెలోనే పడు శిక్ష అది. అందుచేత ఐదింటిలోను అతి క్రూరమైనది జాతిసూతకము.

నేడు అనేక వీరశైవ గృహములలో మొదటి నాలుగు సూతకములు లేవని గర్వముగా చెప్పుకొందురు. ఐదవదానిని గూర్చి మాటలాడుట తక్కువ. తీర్చుకొనుటకు సులభమైన నాలుగింటిని తీసివేసి, కష్టమైన ఐదవదానిని నిలుపుకొన్నచో బసవేశ్వరుని ఉపదేశము నెరవేరినట్లగునా?

కల్యాణమున రాజశాసనము

క్రీ.శ. 12వ శతాబ్దిలో కల్యాణ నగరమున అనుభవ మంటపము వెలసినది. అల్లమప్రభువు దానికి అధ్యక్షుడు. అచ్చట చాకలి మడివాళు మాచయ్య, మంగలి హడపద అప్పణ్ణ, పడవ నడుపు అంబిగర చౌడయ్య, తోళ్లు పదును చేయు డోహర కక్కయ్య, చెప్పులు కుట్టు హరళయ్య, కళచురి ప్రభుత్వమున మంత్రియైన బసవేశ్వరుడు సమానాసనమున కూర్చుండి తత్త్వవిచారము చేసిరి. ఏ కాయకమును హీనము కాదు. కాయకము చేయక తినుటయే హీనము. బసవేశ్వరుడు బ్రాహ్మణ గృహమున జన్మించియు, తన వచనములలో తన్ను చెన్నయ్య వంటి శరణుల ఇంటి బిడ్డగా చెప్పుకొనెను.

శరణుల చరిత్రలు చెప్పు ఒక ఘట్టము ఇచ్చట ముఖ్యము. పూర్వాశ్రమమున బ్రాహ్మణుడైన మధువరసయ్య కుమార్తెకును, చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకును వివాహము నిశ్చయమయ్యెను. ఉభయులును లింగధారులు. తలిదండ్రులు ఒప్పిరి. శరణులు ఆశీర్వదించిరి. ఒప్పనిది రాజ్యము. వర్ణసంకరము జరిగెనని బిజ్జలుడు ఆగ్రహించి, హరళయ్య మధువరసయ్యల కన్నులు పెరికించి, ఏనుగు కాళ్లకు కట్టించి ఈడ్పించెనని సంప్రదాయము చెప్పును. కల్యాణము అల్లకల్లోలమయ్యెను. శరణులు చెల్లాచెదరైరి. బసవేశ్వరుడు కూడలసంగమమునకు మరలి అచ్చటనే లింగైక్యమునందెను.

ఈ ఘట్టమున గమనింపవలసిన విషయము ఒకటి కలదు. ఆనాడు శరణులు సమానత్వమును కోరిరి. రాజశాసనము వారికి ఎదురుగా నిలిచెను. చట్టము కులము పక్షమున ఉండెను. చట్టమునకు వెరవక హరళయ్య మధువరసయ్యలు ప్రాణములనిచ్చిరి. ఆ తరువాత కొన్ని శతాబ్దులకు ఆ చట్టమే దిశ మార్చుకొని శరణుల పక్షమునకు వచ్చినది. అది ఎట్లు వచ్చెనో తెలిసికొనుట ప్రతి శివభక్తునకును అవసరము.

చట్టము నడచిన దారి

చట్టము తనంతట తాను మారలేదు. 1850లో ఆంగ్ల ప్రభుత్వము ఒక చట్టము చేసెను. కులమునుండి వెలివేయబడినందున గాని, మతము మారినందున గాని ఎవ్వరికిని ఆస్తిహక్కు పోరాదని దాని సారము. ఆస్తిగలవారికి అది ఉపకరించెను. బావి వద్ద నిలువరానివానికి దానివలన కలిగినదేమియు లేదు.

1917 నవంబరులో బెజవాడయందు పంచముల మహాసభ జరిగెను. హైదరాబాదునుండి వచ్చిన భాగ్యరెడ్డివర్మ దానికి అధ్యక్షత వహించెను. పంచములను పేరును త్రోసివేసి తాము ఆది ఆంధ్రులమని ఆ సభ చాటెను. ఇతరులు తగిలించిన పేరును విడిచి తమ పేరును తాము పెట్టుకొనుటయే హక్కులకు మొదటి మెట్టు.

1923లో బొంబాయి శాసనసభ ప్రజాధనముతో నడచు చెరువులు, బావులు, పాఠశాలలు అందరికిని తెరువబడవలెనని తీర్మానించెను. 1924లో మహద్ పురపాలక సంఘము తన చవదార్ చెరువును ఆ తీర్మానము ప్రకారము తెరచితినని ప్రకటించెను. కాగితముపై చెరువు తెరువబడెను. గట్టున మాత్రము పూర్వపు కట్టుబాటే నిలిచెను. 1927 మార్చి 20వ తేదీన డాక్టర్ అంబేడ్కర్ వేలాదిమందితో నడచిపోయి ఆ చెరువు నీటిని దోసిట పట్టి త్రాగెను. పశువులు త్రాగుచున్న నీరే అది. ఆ దినముననే పట్టణమున వారిపై దాడి జరిగెను. తరువాత చెరువుకు శుద్ధి చేసిరి. అదే సంవత్సరము పురపాలక సంఘము తన తీర్మానమును రద్దు చేసికొనెను. వ్యాజ్యము నడచి, బొంబాయి హైకోర్టు తుదితీర్పునిచ్చుసరికి 1937వ సంవత్సరము వచ్చెను. దోసెడు నీటికి పదేండ్లు!

దక్షిణమున వైకమునందు దేవాలయము చుట్టునున్న బాటలపై నడచు హక్కుకై 1924, 25 సంవత్సరములలో సత్యాగ్రహము జరిగెను. ఆలయమున అడుగిడుట కాదు, ఆలయము ప్రక్క బాటలో నడచుటకే అంత పోరాటము. 1936 నవంబరు 12వ తేదీన తిరువాన్కూరు మహారాజు ఆలయప్రవేశ ప్రకటన చేసెను. అప్పటి మద్రాసు రాజధానిలో, అనగా కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడ చేరియున్న ప్రాంతమున, 1938లో పౌర అనర్హతల తొలగింపు చట్టము, 1939లోను మరల 1947లోను ఆలయప్రవేశ చట్టములు వచ్చెను.

స్వాతంత్ర్యానంతరము 1948 నవంబరు 29వ తేదీన రాజ్యాంగ పరిషత్తు అస్పృశ్యతను రద్దు చేయు అధికరణమును ఆమోదించెను. అదియే నేటి రాజ్యాంగపు 17వ అధికరణము. 15వ అధికరణము అంగళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టములు, బాటలు అందరివనెను. మహద్ గట్టున 1927లో నీరు త్రాగినవాడే ఆ రాజ్యాంగ ముసాయిదా సంఘమునకు అధ్యక్షుడు.

అధికరణము నేరమనెను. శిక్షను విధించుటకు వేరొక చట్టము కావలసి యుండెను. అది 1955 జూన్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన అస్పృశ్యతా నేరముల చట్టము. అయితే ఆ చట్టమున నేరము రాజీ చేసికొనదగినదిగా ఉండెను. పొలమిచ్చినవాడు, అప్పిచ్చినవాడు కన్నెర్ర చేసినచో ఫిర్యాదు చేసిన కూలివాడు రాజీపడక ఏమి చేయగలడు? ఇళయపెరుమాళ్ అధ్యక్షతన 1965లో ఏర్పడిన సంఘము 1969లో నివేదిక నిచ్చి లోపములను ఎత్తి చూపెను. ఆపైన చట్టమును సవరించి 1976 నవంబరు 19వ తేదీనుండి దానికి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు పెట్టిరి. రాజీకి అవకాశము తొలగెను. ఒక నెలకు తగ్గకుండ, ఆరు నెలలకు మించకుండ ఖైదు, దానితో పాటు జరిమానా నియతమయ్యెను. దర్యాప్తును బుద్ధిపూర్వకముగా ఉపేక్షించు ప్రభుత్వోద్యోగి ఆ నేరమునకు తోడ్పడినవాడుగా ఎంచబడును.

పేరు మారుటలోనే గొప్ప అర్థమున్నది. పాత పేరు చేసినవాని నేరమును చెప్పెను. క్రొత్త పేరు బాధపడినవాని హక్కును చెప్పెను. నీరు త్రాగుట ఎవ్వరో దయతో చేయు ధర్మము గాక, త్రాగువాని హక్కు అయ్యెను.

అంతటితోనైనను దుఃఖము తీరలేదు. 1985 జూలై 17వ తేదీన అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులు హతులైరి. త్రాగునీటి చెరువు వద్ద పుట్టిన తగవు అంతకు దారి తీసెను. మహద్ చెరువు తరువాత 58 ఏండ్లకు మరియొక చెరువు! దేశమును కలచిన ఇట్టి ఘటనల పిమ్మట 1989లో షెడ్యూల్డు కులములు, తెగలపై అత్యాచారముల నిరోధక చట్టము వచ్చి, 1990 జనవరి 30వ తేదీనుండి అమలయ్యెను. ఆ మరుసటి సంవత్సరముననే, 1991 ఆగస్టు 6వ తేదీన, అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనమండుగురు హతులైరి. చట్టము పుస్తకమున ఉండుట వేరు, మనుష్యుని మనస్సున ఉండుట వేరు.

చట్టమున వీరశైవుల పేరు

పౌరహక్కుల పరిరక్షణ చట్టపు 3వ సెక్షను పూజాస్థలములలో ప్రవేశమును, పూజను, తీర్థములలో స్నానమును అడ్డగించుట నేరమని చెప్పును. దాని క్రింద ఒక వివరణ కలదు. ఆ సెక్షనుకును, తరువాతి 4వ సెక్షనుకును ఎవరెవరు హిందువులుగా భావింపబడుదురో ఆ వివరణ చెప్పును. అందు వీరశైవులు, లింగాయతులు అను రెండు పేర్లును స్పష్టముగా వ్రాయబడియున్నవి. ధర్మ నిర్ణయమును గూర్చి పండితులలో భిన్నాభిప్రాయములున్నవి. ఇచ్చట ఆ చర్చ అనవసరము. ఈ వివరణ ఆ సెక్షనుల ప్రయోజనమునకు మాత్రమే. తాము వేరు సంప్రదాయమువారమని చెప్పి ఏ ఆలయమువారును చట్టమునుండి తప్పించుకొనరాదనుట దాని ఉద్దేశము.

ఇది చదివిన శివభక్తుడు ఒక క్షణము ఆగవలెను. జాతిసూతకము లేదని ఎనిమిది వందల ఏండ్లకు పూర్వమే చాటిన ధర్మము ఇది. అట్టి ధర్మమును అనుసరించువారిని, అంటరానితనమును నిషేధించు చట్టమున పేరు పెట్టి చేర్చవలసిన అవసరము ఎందుకు కలిగెను? బసవేశ్వరుని అనుయాయులు నిజముగా ఆయన వలె నడచియున్నచో ఈ పేర్లు చట్టము చేసినవారి సరసన, సాక్షులుగా, నిలువవలసినవి. చట్టము కట్టడి చేయవలసినవారి పట్టికలో నిలిచినవి. ఇది నింద కాదు. అద్దము.

చెన్నయ్య కథను విని కన్నీరు పెట్టుకొనుట ఎంత సత్యమో ఈ అక్షరములు చట్టమున ఉండుట అంత సత్యము. రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి చూడగల ధైర్యమే సదాచారమునకు ఆరంభము.

ఆక్షేపణలు – సమాధానములు

కొందరు చెప్పు మొదటి ఆక్షేపణ ఇది. వీరశైవమున కులమే లేదు, ఇక కులవివక్ష ఎక్కడిది? సిద్ధాంతమున లేదనుట సత్యము. ఇంటికి సంబంధము వచ్చినపుడు మొదట అడుగు మాట ఏది? లింగధారణ కలదా అని అడుగుదురా, శాఖ ఏది, ఉపశాఖ ఏది అని అడుగుదురా? కాయకమేదియు హీనము కాదన్న గురువు శిష్యులు వృత్తిని బట్టి ఒక శాఖను మరియొకదానికి దిగువన ఉంచినచో, లేని కులము ఏ ద్వారమున ప్రవేశించినట్లు?

రెండవ ఆక్షేపణ మరింత శాస్త్రీయముగా కనబడును. సమానత్వము లింగధారుల మధ్యనే, లింగములేనివాడు భవి, భవితో పొందు కూడదని పూర్వులు చెప్పిరి గదా అందురు. పూర్వులు చెప్పిన మాట నిజమే. అయితే వారు చెప్పిన భేదము నడతను, దీక్షను బట్టినది. రాజైన బిజ్జలుడు భవి, చెప్పులు కుట్టు హరళయ్య భక్తుడు. భవికి ద్వారము తెరిచియే యుండును. గోరినచో అతడు నేడు దీక్ష పొంది రేపు భక్తుడగును. జాతికి అట్టి ద్వారము లేదు. కావున భవి అను మాటను అడ్డు పెట్టుకొని జాతిని పాటించుట, శరణుల మాటతో శరణుల శత్రువును కాపాడుటయే అగును. మరియు చట్టము లింగపూజా విధిని గూర్చి అడుగుట లేదు. నీరు, బాట, అంగడి, పాఠశాల, ఆసుపత్రి, శ్మశానము, ఇల్లు వీనిని గూర్చి అడుగుచున్నది. దాహముగొన్నవానికి నీరిచ్చుటకు వాని మెడలో లింగము వెదకుమని ఏ శరణుడును చెప్పలేదు.

మూడవ ఆక్షేపణ సంస్థలది. ఇది తమ సంప్రదాయపు ఆలయము, ఎవ్వరిని రానిచ్చుట తమ ఇష్టము అందురు. దక్షిణ కన్నడ ప్రాంతపు మూల్కి వేంకటరమణాలయము విషయమున ఇట్టి వాదమే సుప్రీంకోర్టు వరకు పోయెను. 1957లో ఆ న్యాయస్థానము, ఒక సంప్రదాయమునకు చెందిన ఆలయమైనను అది సార్వజనికమగుటచే అన్ని వర్గముల హిందువులకును ప్రవేశము ఈయవలసినదేయని, కొన్ని ప్రత్యేక సేవలను మాత్రము ఆ సంప్రదాయస్థులకు పరిమితము చేసికొనవచ్చునని నిర్ణయించెను. స్వంత ఆలయమైనను ప్రజలకు పూజకై తెరచి యుంచినచో 1976 సవరణ పిదప అదియు సార్వజనిక పూజాస్థలమే.

ఇంకొక విషయము ధర్మోపదేశకులు గుర్తుంచుకొనవలసినది. అస్పృశ్యతను చరిత్ర పేరిట గాని, తత్త్వము పేరిట గాని, మతము పేరిట గాని, కులాచారము పేరిట గాని సమర్థించి బోధించుట కూడ ఆ చట్టము ప్రకారము నేరము. చేతితో చేసిన తప్పునకే గాక, పీఠముపై కూర్చుండి నాలుకతో చేసిన తప్పునకును శిక్ష కలదు.

పంక్తి వద్ద పరీక్ష

ఒక గ్రామమున బసవ జయంతి దాసోహము జరుగుచున్నదనుకొందురు గాక. పందిరి వేసినవారు, కట్టెలు కొట్టినవారు, ప్రాంగణము ఊడ్చినవారు పెరటి ద్వారము వద్ద తమ గిన్నెలతో నిలిచియున్నారు. పంక్తులన్నియు లేచిన తరువాత వారి గిన్నెలలో అన్నము వడ్డింపబడును. అడిగినచో, అన్నము పెట్టుచున్నాము గదా, లోపమేమి అని నిర్వాహకులు అందురు.

లోపము ఆ మాటయందే యున్నది. దాసోహమనగా దాసుడను నేను అని అర్థము. పెట్టువాడు దాసుడు, తినువాడు శివస్వరూపుడు. దాసుడు అతిథులలో వరుసలు ఏర్పరచునా? ముందు ద్వారము కొందరికి, పెరటి ద్వారము కొందరికి చూపినచో, పెట్టిన అన్నము దానము కావచ్చును గాని దాసోహము కాదు. శివుడు ఏ ద్వారము వద్ద గిన్నె పట్టుకొని నిలిచియున్నాడో చెన్నయ్య కథ విన్నవారికి చెప్పనక్కరలేదు.

అచ్చట పంచాచారములు పరీక్షకు వచ్చును. శివాచారము ఎవ్వరియందును జాతిభేదము చూడకుమనును. భృత్యాచారము అందరికంటె తాను చిన్నవాడనని ఎంచుకొనుమనును. గణాచారము ధర్మమునకు హాని జరుగుచుండగా మౌనముగా ఉండకుమనును. గణాచారమనిన ఖడ్గము పట్టుట అని భ్రమింపరాదు. ఆ పంక్తిలో కూర్చున్న ఒక్క పెద్ద, తన విస్తరిని తీసికొని పెరటి ద్వారము వద్దకు పోయి వారి ప్రక్కన కూర్చున్నచో అదియే గణాచారము. ఆ ఒక్కని వెంట ఇంకొకడు లేచును. మరుసటి ఏడు ఆ దాసోహమున రెండు ద్వారములు ఉండుట కష్టము.

ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో ప్రతి నెల 30వ తేదీన గ్రామములలో పౌరహక్కుల దినము జరుపు ఏర్పాటు కలదు. అధికారులు వచ్చి చట్టమును వివరింతురు. ఆ సభలకు వీరశైవ పెద్దలు పోవుట మంచిది. అంతకంటె మంచిది, ఆ సభలో అధికారి చెప్పు మాటను చెన్నయ్య కథతో కలిపి మఠమున పిల్లలకు చెప్పుట. చట్టమును భయముతో నేర్చినవాడు పోలీసు లేని చోట మరచును. భక్తితో నేర్చినవాడు చీకటిలోను మరువడు.

ప్రతి గృహము తన్ను తాను అడుగుకొనవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. పొలమున పనిచేయువానికి వేరు గ్లాసు పెట్టుచున్నామా? ఖాళీగా ఉన్న ఇంటిని అద్దెకు అడిగినవాని కులము తెలిసికొని లేదని చెప్పుచున్నామా? ఊరి రుద్రభూమికి పోవు బాటలో ఎవరి శవమునైనను ఆపుచున్నామా? కుమారుడు గాని కుమార్తె గాని అన్యకులమున వివాహమాడెదనన్నపుడు హరళయ్య మధువరసయ్యల వలె లేచి నిలిచెదమా, బిజ్జలుని వలె ఆగ్రహింతుమా?

కడపటి ప్రశ్న కఠినమైనది. వధూవరులు వేరు కులములవారైనంత మాత్రమున హిందూ వివాహము చెల్లకపోదని 1949లో చట్టము స్పష్టము చేసెను. 1955 నాటి హిందూ వివాహ చట్టము తాను ఎవరికి వర్తించునో చెప్పుచు వీరశైవులను, లింగాయతులను పేరు పెట్టి పేర్కొనెను. కల్యాణమున ఏ వివాహమునకై ఇద్దరు శరణుల కన్నులు పెరుకబడెనో, ఆ వివాహము నేడు ఏ రిజిస్ట్రారు కార్యాలయమునందైనను నిర్భయముగా నమోదు కాగలదు. నాడు తలిదండ్రులు ఒప్పిరి, రాజు ఒప్పలేదు. నేడు రాజ్యము ఒప్పెను. తలిదండ్రులు?

నాడు చట్టము కులము పక్షమున నిలిచినపుడు శరణులు చట్టమునకు ఎదురు నిలిచి ప్రాణములిచ్చిరి. నేడు చట్టము శరణుల పక్షమునకు వచ్చి నిలిచియున్నది. దాని ప్రక్కన నిలుచుటకు ఎవ్వరును ప్రాణమీయనక్కరలేదు. ఒక గ్లాసు, ఒక చాప, ఒక విస్తరి, ఒక ఆశీర్వాదము చాలును. అంత తేలికయైన దానిని కూడ ఈయలేనివారు, మెడలో లింగమును ధరించి, హరళయ్య పేరు ఏ నోట పలుకుదురు?

కరికాల చోళుడు రాజు. అతనికి చెన్నయ్య గుడిసెకు పొమ్మని ఆజ్ఞాపించు చట్టమేదియు లేకుండెను. శివుడు ఎచ్చట అంబలి ఆరగించెనో తెలిసికొని, ఆ జాడనే పట్టుకొని పోయెను. ఆ జాడ నేటికిని చెరగలేదు. ప్రతి గ్రామమునను అది ఊరి చివరి వాడవైపు పోవుచునే యున్నది. దానిని పట్టి నడచిన నాడు జాతిసూతకము తొలగును. చట్టమున వ్రాయబడిన ఆ రెండు పేర్లకు కళంకము తొలగును.

శరణు శరణార్థి.